గ్యాస్ గీజర్ గాలికి పడిపోయిన మా బావకి సాచురేషన్ 99 ఉంది, మరి ఆక్సిజన్ ఎందుకు పెట్టారు?

గోదారి_గాలి | ఆదివారం ఉదయం 10:42

అందరికీ నమస్కారం. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోన్‌లో రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

మాది రాజమండ్రి. అక్కా బావా బెంగళూరులో ఉంటారు, నేను వాళ్ళింటికి వచ్చి నాలుగు రోజులైంది. ఈ రోజు పొద్దున్న ఆరున్నరకి బావ స్నానానికి వెళ్ళాడు. అరగంటైనా బయటికి రాలేదు, నీళ్ళ చప్పుడు మాత్రం వస్తూనే ఉంది. అక్క తలుపు కొట్టి కొట్టి నన్ను లేపింది. గడియ విరగ్గొట్టి చూస్తే బావ గోడకి జారబడి ఉన్నాడు, స్పృహ లేదు. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంది, లోపలే. చలి వస్తోందని వెంటిలేటర్‌కి థర్మకోల్ ముక్క అడ్డం పెట్టుకున్నారు. గ్యాస్ వాసన మాత్రం ఏమీ రాలేదండి, అందుకే ముందు గుండెపోటు అనుకున్నాం. హాల్లోకి లాగి కిటికీలు తీశాక కాసేపటికి కళ్ళు తెరిచాడు, వాంతి చేసుకున్నాడు, ఏ రోజో అడిగితే చెప్పలేకపోయాడు.

అంబులెన్స్‌లో తీసుకొచ్చాం. ఇక్కడ రక్తం తీసి కార్బన్ మోనాక్సైడ్ 28 శాతం ఉందన్నారు. కింద సంచి వేలాడే మాస్క్ ఒకటి బిగించి ఫుల్ ఆక్సిజన్ పెట్టారు. కనీసం ఆరు గంటలు తీయకూడదట. ఇప్పుడు బావ బాగానే మాట్లాడుతున్నాడు, తలనొప్పి మాత్రం ఉందంటున్నాడు.

నా డౌట్లు ఏంటంటే, వేలికి పెట్టిన క్లిప్పులో సాచురేషన్ మొదటి నుంచీ 98, 99 చూపిస్తోంది. కోవిడ్ అప్పుడు 94 కిందకి వస్తేనే ఆక్సిజన్ అని అందరం నేర్చుకున్నాం కదా, మరి 99 ఉన్న మనిషికి ఎందుకు? బిల్లు కోసమా? అమ్మేమో ఫోన్‌లో "ఎక్కువ ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు పాడవుతాయంట" అని ఒకటే టెన్షన్. పైగా ఇక్కడి డాక్టర్ హైపర్‌బారిక్ చాంబర్ అని ఇంకేదో అంటున్నారు, అది ఈ ఆసుపత్రిలో లేదట, వేరే చోటికి తీసుకెళ్ళాలట. అవసరమేనా?

అక్క ఆరో నెల గర్భిణి, ఆవిడ కూడా తలనొప్పిగా ఉందని బయట బెంచీ మీద పడుకుంది, రాత్రి సరిగ్గా నిద్ర లేదు పాపం. కాబట్టి నిర్ణయం నేనే తీసుకోవాలి. తెలిసినవాళ్ళు త్వరగా చెప్పండి.

---

నిజం_చెప్తా | ఉదయం 10:51

బ్రదర్, 99 ఉంటే ఆక్సిజన్ ఎందుకు పెడతారు, మీటరు తిరగడానికి తప్ప. నాకూ ఇలాంటిదే అయింది ఒకసారి, మామూలు జ్వరానికి ఐసీయూలో మూడు రోజులు. మనిషి మాట్లాడుతున్నాడంటే గండం గడిచినట్టే. సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్ళండి, కిటికీలు తీసి మంచి గాలి తగలనివ్వండి, మజ్జిగ తాగించండి. చాంబర్లూ అవీ ఇంకో ప్యాకేజీ అంతే.

---

క్యాజువాల్టీ_కబుర్లు | ఉదయం 10:58

గోదారి_గాలి గారూ, మిగతాదంతా తర్వాత చదవండి. ముందు లేచి వెళ్ళి మీ అక్కని క్యాజువాల్టీలో చూపించండి. ఇప్పుడే. "అదే ఇంట్లో ఉంది, అదే గీజర్ వాడింది, ఆరో నెల, తలనొప్పి" అని ఈ నాలుగు ముక్కలూ చెప్పండి. ఆవిడకి కూడా అదే రక్తపరీక్ష చేయాలి, కో-ఆక్సీమెట్రీ అనండి, వాళ్ళకి అర్థమవుతుంది. రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మాస్క్ పెట్టేయమనండి. నిద్ర లేక వచ్చిన తలనొప్పో కాదో తర్వాత తేల్చుకోవచ్చు.

నేను ఎమర్జెన్సీ విభాగంలో పనిచేసే డాక్టర్ని. పదకొండేళ్ళుగా ప్రతి చలికాలం ఈ గీజర్ కేసులు చూస్తూనే ఉన్నా. మీరు వెళ్ళి రండి, మిగతాది ఈలోపు రాసి పెడతాను.

నిజం_చెప్తా గారూ, మీ సలహా ఎవరైనా పాటిస్తే మనిషి పోతాడండి. కోపంగానే అంటున్నా.

---

క్యాజువాల్టీ_కబుర్లు | ఉదయం 11:20

సరే, 99 సంగతి.

ఆర్టీసీ బస్సు వచ్చి ఆగగానే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపేవాళ్ళు గుర్తున్నారా? గాలాడని చోట గీజర్ మంట సరిగ్గా మండక పుట్టే, వాసనే లేని కార్బన్ మోనాక్సైడ్ అలాంటిది. మన రక్తంలో హిమోగ్లోబిన్ బస్సు, ఆక్సిజన్ ఎక్కాల్సిన ప్రయాణికుడు. ఈ గ్యాసు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. గాలిలో కొంచెమే ఉన్నా సరే సీట్లన్నీ ఆక్రమించేస్తుంది, ఒకసారి కూర్చుంటే ఒక పట్టాన లేవదు. ఇంకో దారుణం ఏంటంటే, మిగిలిన సీట్లలో కూర్చున్న ఆక్సిజన్‌ని కూడా స్టాపు వచ్చినప్పుడు దిగనివ్వదు. అందుకే 28 శాతం అంటే "ఇంకా 72 ఉంది కదా" అని లెక్కేయడానికి వీల్లేదు.

ఇక ఆ క్లిప్పు. అది వేలిలోంచి రెండు రకాల కాంతి పంపి రక్తం రంగుని బట్టి లెక్క చెబుతుంది. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఎర్రగా ఉంటుంది, మోనాక్సైడ్ పట్టుకున్నదీ దాదాపు అంతే ఎర్రగా కనపడుతుంది. అంటే బస్సు బయట నిలబడి సీట్లు నిండాయా లేదా అని మాత్రమే చూసే కండక్టర్ అన్నమాట, కూర్చున్నది ఎవరో ఆయనకి తెలీదు. "ఫుల్లు, 99" అంటాడు. ధమని రక్తం తీసి చేసే మామూలు ఏబీజీ రిపోర్టులో ఉండే సాచురేషన్ కూడా చాలాసార్లు లెక్కగట్టిన అంకే, అదీ మోసం చేస్తుంది. మోనాక్సైడ్ వాటా ఎంతో విడిగా చూపించేది కో-ఆక్సీమీటరే. మీవాళ్ళు అది చేశారు కాబట్టే 28 అని తెలిసింది, ఆ ఆసుపత్రివాళ్ళని మెచ్చుకోవాలి నిజానికి.

కాబట్టి మీ బావకి పెట్టిన ఆక్సిజన్ ఊపిరి అందక పెట్టింది కాదు. అది మందు, విషానికి విరుగుడు. సీట్లో కూర్చున్నవాడిని నెట్టి లేపాలంటే బస్సులోకి జనాన్ని తోయాలి. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతమే, ఆ గాలి పీలుస్తూ కూర్చుంటే రక్తంలో మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. బిగుతైన మాస్క్‌తో నూరు శాతానికి దగ్గరగా ఆక్సిజన్ ఇస్తే అదే పని గంటా గంటన్నరలో అవుతుంది. 28 నుంచి 14, 14 నుంచి 7, 7 నుంచి మూడున్నర. ఆరు గంటలు ఎందుకన్నారో లెక్క మీకే తెలుస్తుంది. మాస్క్ ముక్కుకి అంటి ఉండాలి, సంచి చప్పబడకూడదు. బావ మాట్లాడటానికి, నీళ్ళు తాగడానికి మాటిమాటికీ తీస్తుంటే మందు సగం డోసే పడుతున్నట్టు.

ఇంకోటి, శాతాన్ని బట్టి మనిషి ఎంత దెబ్బతిన్నాడో చెప్పలేం. అంబులెన్స్‌లో ఆక్సిజన్ పెట్టి ఉంటే ఆసుపత్రికి వచ్చేసరికే అంకె తగ్గి ఉంటుంది. స్పృహ తప్పాడా లేదా, ఎంతసేపు, ఈసీజీ ఎలా ఉంది, ఇవే నాకు ముఖ్యం. ఒళ్ళంతా చెర్రీ పండులా ఎర్రబడుతుందని పుస్తకాల్లో ఉంటుంది, బతికున్న పేషెంట్లలో నేనైతే దాదాపు చూడలేదు.

అక్క సంగతి ఏమైంది?

---

గోదారి_గాలి | మధ్యాహ్నం 12:05

డాక్టరుగారూ, కాళ్ళు వణుకుతున్నాయండి. అక్కకి 11 శాతం వచ్చింది. పదకొండున్నరకి తీసిన రక్తం. బావ కంటే ముందు అక్కే స్నానం చేసిందట, అప్పుడే తల బరువుగా అనిపించిందట, కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే అనుకుందట. ఇప్పుడు ఆవిడకీ మాస్క్ పెట్టారు. గైనిక్ డాక్టర్ వస్తున్నారు. 11 అంటే తక్కువే కదా?

---

క్యాజువాల్టీ_కబుర్లు | మధ్యాహ్నం 12:14

తక్కువ అని అనుకోకండి. ఆవిడ ఆరున్నర నుంచి పదకొండున్నర దాకా ఐదు గంటలు మామూలు గాలే పీల్చింది. ఆ లెక్కన ఇప్పుడు 11 ఉందంటే పొద్దున్న సుమారు 22 ఉండి ఉంటుంది. ఖచ్చితమైన లెక్క కాదు, కానీ ఆ దరిదాపుల్లో.

కడుపులో బిడ్డది వేరే కథ. బిడ్డ హిమోగ్లోబిన్ ఈ గ్యాసుని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, తల్లి రక్తంలో కంటే ఆలస్యంగా పెరుగుతుంది, ఆలస్యంగా దిగుతుంది. తల్లి రిపోర్టు మామూలుకి వచ్చినా బిడ్డలో ఇంకా మిగిలే ఉంటుంది. అందుకే గర్భిణులకి మాస్క్ చాలా ఎక్కువసేపు ఉంచుతాం. తల్లికి తలనొప్పి తగ్గింది కదా అని తీసేయనివ్వకండి. చాంబర్ విషయంలో కూడా బావ కంటే ముందు ఆవిడ గురించే అడగండి. గర్భిణులకి 15, 20 శాతం దాటితే చాలు, చాలామంది చాంబర్ ఆలోచిస్తారు, మామూలు వాళ్ళకైతే 25 అలా చూస్తారు, స్పృహ తప్పితే అంకెతో పని లేదు. గైనిక్ డాక్టరుకి "పొద్దున్న ఆరున్నర నుంచి ఆక్సిజన్ లేకుండా ఉంది" అని టైముతో సహా చెప్పండి. ఆ టైము వాళ్ళకి చాలా అవసరం.

---

కిర్సనాయిలు_దీపం | మధ్యాహ్నం 12:40

డాక్టరుగారు చెప్పింది నిజం, కానీ గోదారి గారి అమ్మగారి భయం కూడా ఊరికే పుట్టింది కాదు, అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. మా చిన్నాయన కొడుకు గడ్డిమందు కేసులో ఆసుపత్రి పాలయ్యాడు, ఐదేళ్ళైంది. అక్కడ డాక్టర్ ఆక్సిజన్ పెట్టనన్నాడు. పిల్లోడు ఆయాసపడుతుంటే సిలిండర్ పక్కనే ఉండి కూడా పెట్టరు. మేం పదిహేను మందిమి, ఎంత గొడవ చేశామో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తది. ఆ కుర్ర డాక్టర్ కాలర్ పట్టుకున్నోళ్ళలో నేనూ ఒకడిని. ఆయన ఓపిగ్గా చెప్పాడు, ఆ విషానికి ఆక్సిజన్ అంటే పొయ్యిలో కిరోసిన్ పోసినట్టే అని. మాకెక్కలేదు. తర్వాత వేరే ఊళ్ళో ఇంకో పెద్దాయన కూడా అదే మాట చెప్పాక గానీ నమ్మలేదు. పిల్లోడు దక్కలేదు, అది వేరే సంగతి, ఆ మందుకి విరుగుడే లేదంట.

అప్పటి నుంచి మా చుట్టాలందరికీ "విషం తాగితే ఆక్సిజన్ పెట్టకూడదు" అని ఎక్కిపోయింది, అది ఇంకో రకం తప్పు. డాక్టరుగారు దీని గురించి రెండు మాటలు రాస్తే నలుగురికీ పనికొస్తది.

---

క్యాజువాల్టీ_కబుర్లు | మధ్యాహ్నం 1:15

కిర్సనాయిలు_దీపం గారూ, ఇది రాసినందుకు దండం. ఆ కుర్ర డాక్టర్ల వైపున కూర్చున్నవాణ్ణి నేను.

మీరు చెప్పింది పారాక్వాట్. అది ఒంట్లోకి వెళ్ళాక ఊపిరితిత్తుల కణాలు దాన్ని తమంతట తామే లోపలికి లాక్కుంటాయి, అక్కడే పోగవుతుంది. కణంలో ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కి అంటగడుతుంది, అంటగట్టాక మళ్ళీ ఖాళీ అయి ఇంకోటి తీసుకుంటుంది, అలా చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. ఎలక్ట్రాన్ తగిలిన ఆక్సిజన్ సూపరాక్సైడ్ అయి ఊపిరితిత్తి గోడల్ని కాల్చేస్తుంది. మనం మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఎక్కువ ఇస్తే ఆ చక్రానికి ఇంధనం పోసినట్టే. అందుకే పారాక్వాట్‌లో సాచురేషన్ బాగా పడిపోయి మనిషి నిజంగా ఇబ్బంది పడే దశకి వచ్చేదాకా ఆక్సిజన్ ఆపుతాం, ఇచ్చినా కావలసినంతే ఇస్తాం. పక్కన నిలబడ్డ బంధువులకి అది క్రూరంగా కనపడుతుంది, తెలుసు.

మామూలు పురుగుమందులు, అంటే ఆర్గానోఫాస్ఫరస్ రకం, వాటిలో ఇంకోలా ఉంటుంది. అక్కడ అట్రోపిన్ అసలు మందు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరి ఆడదు కాబట్టి ఆక్సిజన్ తోడు. పెట్టకూడదనే భయం అక్కడ పెట్టుకుంటే చేజేతులా చంపుకున్నట్టే. విషం పేరు తెలిస్తేనే ఆక్సిజన్ మందో, తోడో, శత్రువో తెలిసేది. అందుకే డబ్బా తెమ్మంటాం. ఖాళీ డబ్బా అయినా సరే, కవర్లో వేసి పట్టుకు రండి.

అమ్మగారికి: నూరు శాతం ఆక్సిజన్ రోజుల తరబడి ఇస్తే మామూలు ఊపిరితిత్తులకి కూడా మంచిది కాదు, నిజమే. ఆరు, పన్నెండు గంటలకి ఏం కాదు.

---

కొండవాలు_వైజాగ్ | మధ్యాహ్నం 1:50

ఈ థ్రెడ్ చూస్తే 2020 మే 7 గుర్తొచ్చింది. మాది గోపాలపట్నం వైపు, వెంకటాపురానికి దగ్గర. తెల్లవారుజామున మూడు దాటాక ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి లీకై కమ్మేసింది, జనం రోడ్ల మీదే పడిపోయారు, పశువులు ఎక్కడివక్కడే. పన్నెండు మంది పోయారు, వందల మంది కేజీహెచ్‌లోనూ చుట్టుపక్కల ఆసుపత్రుల్లోనూ చేరారు. మా పిన్నికి రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. లాక్‌డౌన్ రోజులు, చూడ్డానికి వెళ్ళే దారి కూడా లేదు.

అక్కడ కూడా ఆక్సిజనే వైద్యం అన్నారు, ఇక్కడా ఆక్సిజనే అంటున్నారు. రెండూ ఒకటేనా డాక్టరుగారూ?

---

క్యాజువాల్టీ_కబుర్లు | మధ్యాహ్నం 2:10

కాదండి. స్టైరీన్ బస్సు సీట్లు ఆక్రమించదు. అది కళ్ళని, గొంతుని, ఊపిరి గొట్టాలని మండిస్తుంది, ఎక్కువైతే మెదడుని మత్తులోకి దింపుతుంది. దానికి విరుగుడు మందు లేదు. కాలేయం దాన్ని మార్చి మాండెలిక్ ఆమ్లం వగైరాగా మూత్రంలో పంపేస్తుంది, ఆ పని అయ్యేదాకా మనిషిని నిలబెట్టడానికి ఆక్సిజన్, ఊపిరి గొట్టాలను విప్పార్చే మందులు. ఆక్సిజన్ అక్కడ చేతికర్ర లాంటిది. మోనాక్సైడ్‌లో అది నేరుగా శత్రువుతో కుస్తీ పట్టేది. స్టైరీన్‌లో సాచురేషన్ అంకెని నమ్మి ఆక్సిజన్ తగ్గించొచ్చు, గీజర్ కేసులో ఆ అంకెని నమ్మకూడదు.

---

లంగరు_తాత | మధ్యాహ్నం 3:05

నేవీలో డైవింగ్ వైపు పనిచేసి రిటైర్ అయ్యాను, చాంబర్ నడపడం నా ఉద్యోగంలో భాగం. వైద్యం డాక్టరుగారు చెబుతారు, పెట్టె సంగతి నేను చెబుతాను.

చాంబర్ అంటే ఉక్కు గది. లోపల ఒత్తిడిని మనం మామూలుగా పీల్చే గాలి ఒత్తిడికి రెండున్నర, మూడు రెట్లకి పెంచి, అక్కడ నూరు శాతం ఆక్సిజన్ పీల్పిస్తారు. డాక్టరుగారి బస్సునే వాడుకుంటాను. సీట్లు నిండిపోయినా మన జనం ఆగుతారా, ఫుట్‌బోర్డు మీద, టాపు మీద ఎక్కరూ? అలాగే అంత ఒత్తిడిలో ఆక్సిజన్ హిమోగ్లోబిన్‌తో పని లేకుండా నేరుగా రక్తపు నీటిలోనే కరిగిపోతుంది, కదలకుండా పడుకున్న మనిషికి చాలేంత. సీట్లో ఉన్న మోనాక్సైడ్ కూడా తొందరగా లేస్తుంది, సగానికి దిగడానికి ఇరవై ముప్పై నిమిషాలే. ఇదేం కొత్త వింత కాదు బాబూ. 1895లోనే హాల్డేన్ అనే ఆయన ఎలుకల్ని ఒత్తిడి పెంచిన ఆక్సిజన్‌లో ఉంచి మోనాక్సైడ్ పెట్టాడు, అవి బతికాయి.

లోపలికి వెళ్ళాక భయపడాల్సింది ఏం లేదు. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు చెవులు దిబ్బడ వేస్తాయే, అలా ఉంటుంది, ఇంకాస్త గట్టిగా. గుటక వేయడం, ముక్కు మూసి ఊదడం నేర్పిస్తారు. జలుబు ఉంటే ముందే చెప్పాలి. ఫోన్, లైటర్, సెంటు, తలకి నూనె, సింథటిక్ బట్టలు ఏవీ కుదరవు, అంత ఆక్సిజన్‌లో ఒక్క నిప్పురవ్వ చాలు. వాళ్ళిచ్చిన నూలు బట్టలే వేసుకోవాలి. ఎప్పుడో ఒకరికి ఆక్సిజన్ ఎక్కువై ఫిట్స్ వస్తాయి, అందుకే మధ్యమధ్యలో మాస్క్ తీసి మామూలు గాలి ఇస్తారు.

ఒక్క హెచ్చరిక. ఈ మధ్య వయసు తగ్గిస్తాం, చర్మం మెరిపిస్తాం అంటూ జిప్పు ఉన్న గాలి సంచుల్లో పడుకోబెడుతున్నారు. వాటిలో ఒత్తిడి 1.3 రెట్ల దాకానే. మీ అక్కగారికి, బావగారికి అవి పనికిరావు. ఉక్కు చాంబరా, రెండున్నర దాకా వెళ్తుందా, లోపల ఎమర్జెన్సీ వస్తే చూసే డాక్టర్ ఉంటారా, ఈ మూడూ ఫోన్లోనే అడిగి తేల్చుకోండి.

---

నిజం_చెప్తా | సాయంత్రం 4:20

పొద్దున్న నేను రాసింది వెనక్కి తీసుకుంటున్నా. డిలీట్ చేద్దామనుకున్నా, నాలాంటి ఇంకొకడు చదువుతాడని ఉంచేశా. కానీ ఒక ప్రశ్న, వ్యంగ్యం కాదు, నిజంగానే. చాంబర్ వల్ల లాభం లేదని తేల్చిన స్టడీ ఉందని ఎక్కడో చదివాను. ఉందా లేదా?

---

క్యాజువాల్టీ_కబుర్లు | సాయంత్రం 5:00

ఉంది. మంచి ప్రశ్నే అడిగారు ఈసారి.

1999లో మెల్‌బోర్న్‌లో 191 మంది మీద చేసిన పరిశోధనలో చాంబర్ వల్ల అదనపు లాభం కనపడలేదు. 2002లో అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో వీవర్ బృందం 152 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి 24 గంటల్లోపు మూడుసార్లు చాంబర్ ఇచ్చింది. ఆరు వారాల తర్వాత జ్ఞాపకం, ఏకాగ్రత లాంటివి దెబ్బతిన్నవాళ్ళు చాంబర్ గుంపులో 25 శాతం, మామూలు ఆక్సిజన్ గుంపులో 46 శాతం. ఒకటి అటు, ఒకటి ఇటు. డాక్టర్లు ఈ రోజుకీ వాదించుకుంటూనే ఉన్నారు. నేను ఎటంటే, స్పృహ తప్పినవాళ్ళకి, గర్భిణులకి, చాంబర్ గంటా రెండు గంటల దూరంలో ఉండి మనిషి ప్రయాణానికి తట్టుకునేట్టు ఉంటే పంపుతాను. లేదంటే మాస్క్‌నే గట్టిగా నమ్ముకుంటాను. చాంబర్ కోసం మాస్క్ తీసి ఊరంతా తిప్పడం మాత్రం పరమ తప్పు.

చాంబర్ మీద ఇంత వాదన ఎందుకంటే, ఈ గ్యాసు రక్తంలోంచి వెళ్ళిపోయాక కూడా మెదడు మీద చేయాల్సింది చేస్తుంది. మనిషి ఇంటికి వెళ్ళి మామూలుగా తిరుగుతాడు, కొన్ని రోజులకో, కొన్ని వారాలకో మతిమరుపు, చిరాకు, అడుగు తడబడటం, తెలీకుండా మూత్రం పోవడం మొదలవుతాయి. నలభై రోజుల దాకా రావొచ్చు. ఇంట్లోవాళ్ళు ఏ గాలో సోకిందనుకుని తాయెత్తు కట్టించిన కేసు నేను చూశాను. (గాలి సోకిన మాట నిజమే, ఏ గాలి అన్నదే తేడా.)

---

సెప్టిక్_ట్యాంక్_సూపర్‌వైజర్ | సాయంత్రం 6:35

చిన్న మాట. గోదారి గారు తలుపు విరగ్గొట్టి లోపలికి వెళ్ళి లాగారు, అదృష్టం బాగుండి బయటపడ్డారు. మ్యాన్‌హోల్ దగ్గరైతే అలా దిగకండి ఎవ్వరూ. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, కుళ్ళిన గుడ్ల వాసన వస్తుందిగా అనుకుంటారు, ఎక్కువ మోతాదులో ఉంటే ముక్కు మొద్దుబారి వాసనే తెలీదు, రెండు మూడు శ్వాసల్లో పడిపోతారు. 2015లో కోళికోడ్‌లో మ్యాన్‌హోల్‌లో పడిపోయిన ఇద్దరు ఆంధ్ర కూలీల కోసం నౌషాద్ అనే ఆటో డ్రైవర్ దిగాడు, ముగ్గురూ పోయారు. పైన ఆక్సిజన్ సిలిండర్ ఎన్ని ఉన్నా తాడు, బెల్టు లేకపోతే కింద ఉన్నవాడికి అందదు.

---

గోదారి_గాలి | మంగళవారం రాత్రి 9:15

ఆలస్యానికి క్షమించండి, రెండు రోజులు ఫోన్ పట్టుకునే తీరిక లేదు.

ఆదివారం మధ్యాహ్నం గైనిక్ డాక్టరు, చాంబర్ ఉన్న ఆసుపత్రి డాక్టరు ఫోన్లో మాట్లాడుకుని ఇద్దరినీ పంపమన్నారు. అంబులెన్స్‌లో మాస్క్‌తోనే తీసుకెళ్ళాం. లంగరు తాతగారూ, మీరు చెప్పిన మూడు ప్రశ్నలూ అడిగాను, అవతలి ఆయన "మీరు నేవీయా" అన్నారు. అక్కకి ఒకసారి, బావకి మూడుసార్లు ఇచ్చారు. అక్కకి చెవులు దిబ్బడ తప్ప ఏం కాలేదు. స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం, కదలికలు బాగున్నాయి. అయినా నెల నెలా జాగ్రత్తగా చూస్తామన్నారు, ఇప్పుడే అంతా బాగుందని రాసివ్వలేమన్నారు. ఆ మాట విని అక్క ఏడ్చింది, నేనూ.

బావ బాగున్నాడు. ఆఫీసు లెక్కలు తప్పులు పోతున్నాయేమోనని నలభై రోజులు కనిపెట్టి ఉండమన్నారు. నిన్న పాల ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయాడని అక్క హడలిపోయింది, పెళ్ళైనప్పటి నుంచీ మర్చిపోతూనే ఉన్నాడు కదా అని నేనంటే నవ్వింది.

ఆ రోజు బెంచీ మీద అక్కని అలాగే పడుకోనిచ్చి ఉంటే ఏమయ్యేదోనని రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదండి డాక్టరుగారూ. ఆ ముక్క కూడా నేను ఊరికే, చివర్లో రాశాను.

గీజర్ పీకించేశాం, థర్మకోల్ కూడా. ఇంటి ఓనరు కరెంటు గీజర్ పెట్టిస్తానన్నాడు, ఎప్పుడో తెలీదు. అప్పటిదాకా బకెట్‌లో హీటర్ కాయిల్ పెట్టుకుని కాచుకుంటానంటున్నాడు బావ.

---

క్యాజువాల్టీ_కబుర్లు | మంగళవారం రాత్రి 9:31

కాయిల్ వద్దు. ఆ కేసులు కూడా మా దగ్గరికే వస్తాయి. స్టవ్ మీద గిన్నెలో కాచుకోమనండి, వంటింటి కిటికీ తీసి.